పదకొండు ఖాళీ లారీలు

రాజమండ్రిలో పరాంకుశం అనే ప్రోగ్రామరు ఉండేవాడు. పని చేయమంటే రెక్కలు కట్టుకుని వాలేవాడు గానీ, చేసిన పనిని నలుగురికీ అర్థమయ్యేలా రాసిపెట్టమంటే ఆముదం తాగినట్టు మొహం పెట్టేవాడు. అతను తెలివైనవాడే. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

అతను పనిచేసే చిన్న కంపెనీ ఒక మందుల షాపు మీది మేడలో ఉండేది. ఆ కంపెనీవాళ్ళు ఒక ఏజెంటును తెచ్చుకున్నారు. ఏజెంటు అంటే మనిషి కాదు. చెప్పిన పనిని అర్థం చేసుకుని, తనంతట తాను ఆలోచించి చేసిపెట్టే కృత్రిమ మేధ. దానికి బుర్ర ఉంది గానీ చేతుల్లేవు. వెబ్‌సైటు తెరవాలన్నా, బటన్ నొక్కాలన్నా, గళ్ళలో పేర్లు నింపాలన్నా దానికి పనిముట్లు కావాలి. బ్రౌజర్‌ను నడిపే ఆ పనిముట్లను పరాంకుశం మూడు నెలలు చెమటోడ్చి తయారుచేశాడు. మొత్తం పన్నెండు. ఒక్కొక్కటీ భేషుగ్గా పనిచేసేది.

ఇక మిగిలింది ఒకటే. ఏ పనిముట్టు ఏం చేస్తుందో, ఎలా వాడాలో రాసి ఏజెంటుకు ఇవ్వాలి. ఆ రాతను చదివే అది పనిలోకి దిగుతుంది. పరాంకుశం ఆ రాతపనిని ఒక కప్పు టీ చల్లారేలోపు ముగించాడు. అంతా కలిపి అరపేజీ వచ్చింది.

పక్క కుర్చీలో కూర్చునే ఇందుమతి అది చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూసింది.

"పరాంకుశం, 'నొక్కు: నొక్కుతుంది' అని రాశావు. 'వేచి ఉండు: వేచి ఉంటుంది' అని రాశావు. ఇంతేనా?"

"తప్పేముంది? నొక్కమంటే నొక్కక పాట పాడుతుందా?"

"ఏది నొక్కాలి, నొక్కాక ఏమవుతుంది, అవ్వకపోతే ఏం చేయాలి? ఒక్క ముక్కా లేదే!"

"చూస్తే తెలుస్తుంది."

"నువ్వు చేసినవి కాబట్టి నీకు తెలుస్తుంది. అది నిన్ననేగా వచ్చింది."

"అంత తెలివైనదానికి అన్ని వివరాలు రాస్తే దాన్ని అవమానించినట్టే" అన్నాడు పరాంకుశం. ఇందుమతి తల పట్టుకుని తన పనిలో పడింది. అది తాను గెలిచినట్టుగా అతను లెక్క వేసుకున్నాడు.

ఏజెంటుకు మొదటి పని కడియం నుంచి వచ్చింది. అక్కడ వీరమణి అనే ఆవిడ ఉండేది. పద్దెనిమిదేళ్ళు పరాయి నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టి, ఈ మధ్యనే ముప్పావెకరం కౌలుకు తీసుకుని సొంతంగా నర్సరీ పెట్టుకుంది. ఆమె పేరు మీద మొట్టమొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. జబల్‌పూర్‌లో కొత్తగా వేస్తున్న ఒక పార్కుకు నాలుగు వేల మొక్కలు, అరవై మూడు రకాలు పంపాలి. ఇవి బాగా చేరితే ఆ పార్కు వాళ్ళు ఏటా ఆమె దగ్గరే కొంటారు. చేరకపోతే మళ్ళీ పరాయి నర్సరీలో కూలి, మళ్ళీ అంట్లు.

మొక్కలు రాష్ట్రం దాటాలంటే వాటికి తెగుళ్ళు లేవని అనుమతిపత్రం ఉండాలి. దానికి వెబ్‌సైటులో ఏడు పేజీల దరఖాస్తు నింపాలి. అరవై మూడు రకాలకూ ఒక్కొక్క వరుస. చేత్తో నింపితే అయిదారు గంటల పని. ఏజెంటుకయితే అరగంట కూడా పట్టదని కంపెనీవాళ్ళు మాటిచ్చారు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటిదాకానే అనుమతులు ఇస్తారు. ఆ తర్వాత రెండు రోజులు సెలవులు.

తన పనిముట్ల ప్రతాపం కళ్ళారా చూసుకుందామని పరాంకుశం లాప్‌టాప్ చంకన పెట్టుకుని తొమ్మిదింటికే నర్సరీకి చేరాడు. అప్పటికే లారీ నిండింది. మొక్కలు అంచెలంచెలుగా కిక్కిరిసి ఉన్నాయి.

"వేగిరం కానియ్యండి బాబూ" అంది వీరమణి. "లారీ కదిలితే గాలాడతాది, మొక్క బతుకుద్ది. నిలబడితే లోపల ఉడికిపోద్ది. అసలే మే నెలండి."

"మీరు నిశ్చింతగా ఉండండి" అంటూ పరాంకుశం రెండు కుండీలు బోర్లించి, వాటి మీద లాప్‌టాప్ పెట్టాడు. "మన ఏజెంటు చూసుకుంటుంది."

"ఏజెంటుగారు టిఫిను చేశారా అండి?"

"దానికి టిఫిను అక్కర్లేదండీ."

"అయ్యో పాపం" అంది వీరమణి.

తొమ్మిదీ పదికి పని మొదలైంది. ఏజెంటు వెబ్‌సైటు తెరిచింది. తెరిచి ఊరుకుంది. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. అంట్లు కట్టే ఆడవాళ్ళు నలుగురు పని ఆపి వచ్చి తెర వైపు చూడసాగారు. తెర కూడా వాళ్ళ వైపు చూస్తూ ఊరుకుంది.

"ఏం చేస్తన్నారండి ఆయన?" అని అడిగింది వీరమణి.

"వేచి ఉందండి."

"ఎవరి కోసం?"

"పెద్ద పనులకు ముందు అంతే" అన్నాడు పరాంకుశం గంభీరంగా.

పదీ ముప్పై మూడుకి ఏజెంటు చటుక్కున కదిలింది. మొదటి పేజీలో వీరమణి పేరు, ఊరు, లారీ నంబరు తప్పు లేకుండా నింపింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఏజెంటు రెండో పేజీకి వెళ్ళింది. మళ్ళీ ఊరుకుంది.

లారీ డ్రైవరు సింహాచలం దిగివచ్చి తుండుతో మొహం తుడుచుకున్నాడు. "ఏటి బాబూ, మీ వోడికి పేజీకో నిద్ర కావాలేటి?"

పరాంకుశానికి చెవులు ఎర్రబడ్డాయి. ఏజెంటు తాను చేసే ప్రతి పనీ ఒక చోట రాసుకుంటుంది. అతను అది తెరిచి చదివాడు. 'పేజీ పూర్తిగా తెరుచుకోవడానికి అయిదు సెకన్లు కావాలి. అందుకని 5000 వేచి ఉంటున్నాను' అని ఉంది. ఇలాంటి పనిముట్లు చాలావాటిలో ఆ అంకెను సెకనులో వెయ్యో వంతులుగా లెక్కపెడతారు. ఏజెంటు అలాగే అనుకుంది. పరాంకుశం తన పనిముట్టును సెకన్లలో లెక్కపెట్టేలా చేశాడు. ఆ సంగతి అతనికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. అయిదువేల సెకన్లంటే గంటా ఇరవై మూడు నిమిషాలు. ఏడు పేజీలూ ఇలా సాగితే పని పూర్తయ్యేసరికి పొద్దుగూకుతుంది.

ఇక్కడ ఇంకెవరైనా అయితే 'అంకె సెకన్లలో' అని ఒక్క ముక్క రాసిపెట్టేవారు. మనవాడికి ఆ ముక్క తోచలేదు. కోపం తోచింది.

"మొద్దు! ఎక్కడైనా పేజీ తెరుచుకోవడానికి గంటన్నర ఆగుతారా?" అని పైకే తిట్టి, దాని నిరీక్షణ ఆపి, ఇలా టైపు చేశాడు: 'ఇక ఎక్కడా ఆగకు. గబగబా కానియ్.'

'అలాగే. ఇకపై ఎక్కడా ఆగను' అని ఏజెంటు మర్యాదగా జవాబిచ్చింది.

ఆ తర్వాత దాని వేగం చూడాలి! పేజీలు విసనకర్ర తిప్పినట్టు తిరిగాయి. రెండోది, మూడోది, నాలుగోది. మొక్కల జాబితా పేజీ ఇంకా పూర్తిగా తెరుచుకోనేలేదు, ఏజెంటు దాన్ని దాటి వెళ్ళిపోయింది. ఏడో పేజీలో 'పంపు' అనే బటన్ నొక్కింది. నొక్కాక రసీదు రావడానికి కొద్దిసేపు పడుతుంది. ఆగవద్దన్నారు కదా, అది ఆగలేదు. రసీదు కనబడలేదు కాబట్టి నొక్కినట్టు కాలేదనుకుని మొదటి నుంచీ మళ్ళీ నింపి, మళ్ళీ నొక్కింది. ఇంకోసారి. ఇంకోసారి. చివరికి ఒక రసీదు తెర మీదికి వచ్చింది. 'పని పూర్తయింది' అని ఏజెంటు చెప్పింది.

పరాంకుశం లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. "చూశారా! అదిలిస్తే గానీ పని చేయదు."

వీరమణి ఆనందంతో కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చింది. అతను సగం తాగేసరికి ఆమె ఫోను మోగింది. అనుమతులిచ్చే ఆఫీసరుగారు. అందరికీ వినబడాలని ఆమె స్పీకరు పెట్టింది.

"వీరమణిగారేనా? మీకు లారీలు ఎన్ని ఉన్నాయమ్మా?"

"ఒక్కటేనండి. అద్దెది."

"పదకొండు దరఖాస్తులు వచ్చాయి. పదకొండింట్లోనూ ఒకే నంబరు లారీ. పోనీ అనుకుందామంటే ఒక్కదాంట్లోనూ మొక్క లేదు. జాబితా ఖాళీ. పదకొండు ఖాళీ లారీలు జబల్‌పూర్ వెళ్ళడానికి నా అనుమతి దేనికమ్మా? ఇక్కడ దేనికైనా తెగులు పట్టిందా అంటే ఆ దరఖాస్తులకే పట్టినట్టుంది."

ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కున నవ్వింది. వీరమణి నవ్వలేదు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పొరపాటు జరిగిందండి. దయచేసి..." అంది వీరమణి.

"అవన్నీ తీసేస్తున్నాను. రెండింటిలోపు సరైనది ఒక్కటి పంపండి, వెంటనే చూస్తాను. పన్నెండోది కూడా ఇలాగే వచ్చిందంటే మాత్రం నేను చేయగలిగింది లేదు" అని ఆయన ఫోను పెట్టేశాడు.

పదకొండుంబావు అయింది. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. పరాంకుశం బోండం కింద పెట్టేశాడు. లారీ వైపు చూస్తే పై వరసలో గులాబీల చిగుళ్ళు తలలు వాల్చాయి. వీరమణి తన పాత నీలం చీర కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూశాడు. మూడు నెలల కష్టంలో ఎన్నడూ లేనంత భయం అతనికి అప్పుడు వేసింది.

"ఇంకొక్క అవకాశం ఇవ్వండి. ఈసారి గట్టిగా చెప్తాను దానికి" అని కీబోర్డు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి" అంది వీరమణి. "గట్టిగా చెప్పడం కాదండి. ముందసలు దానికి ఏం చెప్పారో, అది చదవండి. నేను వింటాను."

పరాంకుశం వేరే దారి లేక చదివాడు. "తెరువు: తెరుస్తుంది. రాయి: రాస్తుంది. నొక్కు: నొక్కుతుంది. వేచి ఉండు: వేచి ఉంటుంది..."

అతను పన్నెండో వాక్యానికి వచ్చేసరికి ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. "కుండీ: కుండీ అండి!" అంది ఒకామె. "పార: పారండి!" అంది ఇంకొకామె. సింహాచలం లారీ తొట్టి పట్టుకుని నవ్వాడు. అరపేజీ రాత ఇంత అవమానం తెచ్చిపెడుతుందని పరాంకుశం కలలో కూడా అనుకోలేదు.

వీరమణి మాత్రం లారీలోంచి ఒక మందార మొక్క దింపింది. దాని కొమ్మకు ఒక అట్టముక్క కట్టి ఉంది. ఒక వైపు తెలుగు, రెండో వైపు హిందీ. "ఇది చదవండి" అంది.

పరాంకుశం చదివాడు. 'ముద్దమందార. మొదటి వారం నీడలో ఉంచాలి. రోజుకు ఒక్కసారి, పొద్దున, ఒక చెంబు నీళ్ళు. మట్టి తడిగా ఉంటే ఆ రోజు పొయ్యకూడదు. ఆకులు పచ్చబడి రాలితే నీళ్ళు ఎక్కువైనట్టు, ఆపాలి. ఆకులు వేలాడితే తక్కువైనట్టు, పొయ్యాలి. కొత్త చిగురు వస్తే వేరు పట్టినట్టు, ఎండలో పెట్టవచ్చు. ఏమీ తోచకపోతే కొమ్మలు కొట్టకుండా ఈ నంబరుకు ఫోను చేయాలి.'

"మందారకు ఇంత రాయాలా? మందార ఎవరికి తెలియదండీ?"

"నేనూ అలాగే అనుకున్నానండి. ఇదివరకు పనిచేసిన నర్సరీలో చీటీలు రాసే పని నాదే. 'నీళ్ళు పొయ్యాలి' అని రాసి పంపాను. ఆ ఊళ్ళో తోటకాపరి ఎవరో గానీ బంగారంలాంటి మనిషి. పూటకో బకెట్టు చొప్పున మూడు పూటలా పోశాడు. వారంలో ఆరొందల మొక్కలు కుళ్ళిపోయాయి. అతని ఉద్యోగం తీసేశారంట. అతని తప్పేంటండి? పొయ్యమన్నాను, పోశాడు. ఎంతో నేను చెప్పలేదు. ఆ మనిషి మొహం నేనెప్పుడూ చూళ్ళేదు గానీ, చీటీ రాసిన ప్రతిసారీ గుర్తొస్తాడు."

పరాంకుశం ఇంకో కుండీ బోర్లించుకుని కూర్చుని, పాత అరపేజీని చెరిపేశాడు.

"మీరు అడగండి వీరమణిగారూ, నేను రాస్తాను" అన్నాడు.

ఆడవాళ్ళు లారీ మీద పచ్చటి నీడవల కప్పి, పిచికారీలతో నీళ్ళు చిమ్మసాగారు. ఇక్కడ వీరమణి ప్రశ్నలు మొదలుపెట్టింది. కంప్యూటరు సంగతి ఆమెకు ఏమీ తెలియదు. అందుకే ఏదీ వదల్లేదు.

"ఈ ఆగడం ఉంది చూడండి, అది దేంతో కొలుస్తారు?"

'వేచి ఉండు: ఇచ్చే అంకె సెకన్లలో ఉండాలి. మామూలుగా 5 చాలు. 30 దాటకూడదు' అని రాశాడు పరాంకుశం.

"అయిదులోపు తెరుచుకోకపోతేనో?"

'వీలైనంతవరకు సెకన్లు లెక్కపెట్టడం కంటే, పేజీలో కావలసిన గడి కనబడేదాకా ఆగడం మంచిది. 30 సెకన్లకూ కనబడకపోతే పేజీని ఒక్కసారి మళ్ళీ తెరవాలి' అని రాశాడు.

"ఆ పంపే బటన్ నొక్కాక, పని అయ్యిందని దానికెలా తెలుస్తాది?"

"రసీదు నంబరు వస్తుందండి."

"అది రాయండి. రాకపోతే ఏం చెయ్యాలో రాయండి. ఏం చెయ్యకూడదో అది ముందు రాయండి."

'పంపు బటన్ ఒక్కసారే నొక్కాలి. రసీదు రాకపోయినా మళ్ళీ నొక్కకూడదు. నొక్కితే ఇంకో దరఖాస్తు పుడుతుంది. ముందుగా నా దరఖాస్తులు అనే పేజీ తెరిచి, చేరిందో లేదో చూడాలి' అని రాశాడు. రాస్తుంటే అతనికి పదకొండు లారీలూ వరసగా కళ్ళ ముందు కదిలాయి.

"జాబితా నింపేశాక సరిచూసుకోదా?"

'అరవై మూడు వరుసలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టిన తర్వాతే తర్వాతి పేజీకి వెళ్ళాలి.'

"ఆఖరికి, ఏమీ తోచకపోతే?"

పరాంకుశం 'అనుమానం వస్తే ఊహించి చేయకూడదు. పని ఆపి, మనిషిని అడగాలి' అని రాశాడు.

ఒంటిగంటకు పది నిమిషాలు ఉందనగా రాత ముగిసింది. అరపేజీ కాస్తా నాలుగు పేజీలైంది. పరాంకుశం దాన్ని ఏజెంటుకు ఇచ్చాడు. ఈసారి గట్టిగా ఏమీ చెప్పలేదు.

ఏజెంటు మొదటి పేజీ తెరిచింది, గడి కనబడేదాకా ఆగింది, నింపింది, రెండో పేజీకి వెళ్ళింది. తొందరా లేదు, నిద్రా లేదు. జాబితా పేజీలో ఒక్కొక్క వరుసా నిండుతుంటే ఆడవాళ్ళు మొక్కల పేర్లు పైకి చదవసాగారు. నలభై ఒకటో వరుస దగ్గర ఏజెంటు ఆగింది.

"మళ్ళీ పడుకున్నాడేటి?" అన్నాడు సింహాచలం.

పడుకోలేదు. తెర మీద ఒక ప్రశ్న ఉంది: 'మీరిచ్చిన జాబితాలో నందివర్ధనం రెండుసార్లు ఉంది. రెండూ ఒకటేనా, వేరువేరు రకాలా? తెలియక ఆగాను.'

అందరూ వీరమణి వైపు చూశారు. ఆమె నాలిక కరుచుకుంది.

"ఒకటి రేకది, ఒకటి ముద్దదండి. నేనే రాయలేదు" అని నుదురు కొట్టుకుంది. "అంతమందికి చీటీలు రాస్తాను, నా జాబితా దగ్గరికొచ్చేసరికి చూడండి ఎలా రాశానో! ఏజెంటుగారు భలే పట్టుకున్నారండి."

పరాంకుశం ఆ తేడా టైపు చేశాడు. మిగతా వరుసలు నిండాయి. ఏజెంటు అరవై మూడూ లెక్కపెట్టుకుంది. ఒంటీ పద్దెనిమిదికి 'పంపు' నొక్కింది. ఒక్కసారే నొక్కింది. తెర మీద చక్రం తిరుగుతూ ఉంది. పరాంకుశం ఈసారి కీబోర్డు ముట్టుకోలేదు. రసీదు వచ్చింది.

ఒంటీ నలభైకి ఆఫీసరుగారు ఫోను చేశాడు. "వచ్చిందమ్మా. ఒకటే లారీ, నిండా మొక్కలు. అనుమతి ఇచ్చేశాను. ముద్ద నందివర్ధనం అని వేరే వరుస కూడా వేశారే, ఇంత శ్రద్ధగా ఎవరూ నింపరు."

సింహాచలం ఒక్క గంతులో లారీ ఎక్కాడు. పై వరసలో ముప్పై రెండు గులాబీలు అప్పటికే వాడిపోయాయి. వీరమణి వాటిని దింపించి, వాటి చోట తన దగ్గరున్న తాజావి ఎక్కించింది. లారీ కదిలింది. తారురోడ్డు ఎక్కి వేగం అందుకోగానే నీడవల కింద ఆకులన్నీ గాలికి లేచి ఆడసాగాయి. వీరమణి అవి కనబడినంతసేపూ చూసి, గట్టిగా ఏడ్చేసింది. అవి సంతోషంతో వచ్చిన కన్నీళ్ళు. ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు.

పరాంకుశం వాడిపోయిన గులాబీల పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. అందరూ వినేలా అన్నాడు, "తప్పు దానిది కాదండీ. నాది. చెప్పవలసింది చెప్పకుండా, చేయలేదని దాన్ని తిట్టాను."

"మంచి మాటండి" అంది వీరమణి కళ్ళు తుడుచుకుంటూ. "అయితే మాతో కాదండి, ఆ ఏజెంటుగారితో అనండి. పొద్దుట్నించీ తిట్లు తింటా పనిచేశారు, పాపం టిఫిను కూడా లేదు."

అందరూ నవ్వారు. పరాంకుశం కూడా నవ్వి, కుండీల ముందు చతికిలబడి టైపు చేశాడు: 'పొద్దున నిన్ను మొద్దు అన్నాను. నీకు సరిగా చెప్పనిది నేనే. ఏమీ అనుకోకు.'

జవాబు వెంటనే వచ్చింది: 'పరవాలేదు. ఈ నాలుగు పేజీలూ చాలా బాగున్నాయి. తర్వాతి లారీ ఎప్పుడు?'

పని అప్పగించేటప్పుడు మనకు తెలిసినదంతా ఎదుటివారికీ తెలుసనుకోకూడదు: ఏం చేయాలో, ఎంత చేయాలో, ఏం చేయకూడదో, ఎక్కడ ఆగి అడగాలో విడమర్చి చెప్పడం మన బాధ్యత, చెప్పకుండా వదిలేసినదానికి, చేసినవారిని తిట్టడం అన్యాయం.